చన్నీళ్లు

నిన్న రాత్రి టీవీలో డారిల్ ప్రెంటిస్
పాత కోచ్‌ని ఉతికి ఆరేశాడట.
చేపల అంగడి ముందు వరసలో పొద్దున్నే అందరిదీ అదే మాట.
ఉతకడం గురించి నాకు చెప్తారేమిటి?
ఇరవై ఆరేళ్లు గ్రిమ్స్‌బీలో ఆ క్లబ్బు బట్టలు ఉతికినదాన్ని.
ఆరేయడం గురించీ చెప్పకండి.
సముద్రపు గాలికి మేజోళ్లు కర్రల్లా బిగుసుకుపోయేవి,
పదకొండు జెర్సీలు తీగమీద
తలలు లేకుండా పరుగెత్తేవి.

నేనూ చూశాను.
డారిల్‌కి పొట్ట వచ్చింది, జుట్టు పోయింది.
మోకాలు చాచుకునే కూర్చున్నాడు, ఇప్పటికీ వంగదు కాబోలు.
"సూది పొడిపించి ఆడించాడు" అన్నాడు.
"పందీ అనేవాడు. పేరు పెట్టి పిలిచిన రోజు లేదు."
ఆ తర్వాత బ్లాంచర్డ్ ఫోన్లో వచ్చి ఇంకో రెండు కలిపాడు.
గోల్‌కీపర్ వేన్ మాత్రం
"ఆయనే లేకపోతే నేను జైల్లో ఉండేవాణ్ణి" అన్నాడు.
ఎవరూ అబద్ధం చెప్పడం లేదు.
అదే నాకు మింగుడుపడటం లేదు.

పబ్బులో రెండు బల్లలయ్యాయి.
"ఆ రోజుల్లో అంతా అంతే" అంటుంది ఒకటి.
"అప్పుడే ఎందుకు నోరు విప్పలేదు?"
అదీ ఆ బల్లే.
రెండోది మాట్లాడకుండా తాగుతోంది.
దాని చుట్టూ ఉన్నవాళ్లలో సగం మంది
ఆయన చేతికింద ఆడినవాళ్లు.

వాల్టర్ బ్రాత్‌వెయిట్‌కి ఎనభై మూడు.
క్లీథోర్ప్స్‌లో కూతురింట్లో పరదాలు మూసే ఉన్నాయట.
మా ఆయన పడవ తిరిగి రాని చలికాలం
పది వారాలు నా గుమ్మంలో బొగ్గు బస్తా దింపించాడు.
పేరు చెప్పొద్దన్నాడట బండివాడితో.
బండివాడి నోట్లో నువ్వుగింజ నానదు, చెప్పేశాడు.

ఇదీ ఆయనే:
ఒక ఫిబ్రవరి మంగళవారం. డారిల్‌కి పదిహేడు.
మూట విప్పితే ఆరో నంబరు నిక్కరు.
ఏమైందో చెప్పను. బురద కాదు.
గోడ అవతల వాల్టర్ గొంతు, బెంచీని తన్నిన చప్పుడు,
ఎవరో ఎక్కిళ్లు ఆపుకుంటున్న చప్పుడు.
నిక్కరు విడిగా తీసి, ఎవరి కంటా పడకుండా
మూడుసార్లు జాడించి, ఇస్త్రీ చేసి
వాడి కొక్కేనికి తగిలించాను.
దయ అనుకున్నాను దాన్ని.
ఇన్నేళ్లూ అనుకుంటూనే ఉన్నాను.

నెత్తుటి మరక సంగతి ఉతికేవాళ్లని అడగండి.
వేడినీళ్లు తగిలితే పట్టేస్తుంది, ఇక వదలదు.
చన్నీళ్లు కావాలి. వెంటనే కావాలి.
నలభై ఏళ్ల తర్వాత ఇప్పుడు
ఊరంతా సలసల కాగే కుండలు పట్టుకొచ్చింది.

మధ్యాహ్నం పేపరమ్మాయి ఫోన్ చేసింది.
"మీరేమైనా చూశారా, మిసెస్ డోబ్సన్?"
పొయ్యిమీద ఏదో మాడుతోందని పెట్టేశాను.
పొయ్యి ఆర్పి గంటైంది.

చీకటి పడ్డాక డారిల్ నంబరు వాళ్ల అక్కనడిగి తీసుకున్నాను.
"ఐరిస్‌ని. బట్టల ఐరిస్‌ని.
ఆ మంగళవారం నాకు తెలుసు, డారిల్.
నిక్కరు నేనే ఉతికాను."

అటువైపు ఊపిరి.
వెనకాల ఎవరో గిన్నెలు కడుగుతున్నారు.
"ఇస్త్రీ మడత చూశాను" అన్నాడు చాలాసేపటికి.
"ఎవరికో తెలిసిపోయిందని
ఆ వారమంతా నీ ముఖం వంక చూళ్లేదు, ఐరిస్."
ఆగి, గొంతు సవరించుకుని,
"అడుగుతావేమోనని ఎదురుచూశాను కూడా."

కిటికీ మీద చినుకులు మొదలయ్యాయి.
పెరట్లో తీగమీద నా దుప్పటి ఒకటి ఉంది.
తడిస్తే తడవనీ అని
ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.